నాలుగు కాజాలు

డాక్టరు చిన్న ప్లాస్టిక్ సీసా చేతిలో పెట్టాడు,
అందులో మూడు రాళ్ళు.
"ఇవిగోనమ్మా, నీవే" అన్నాడు,
కుట్టగా మిగిలిన ముక్క
నేను గిరాకీకి తిరిగిచ్చినట్టే.

తెచ్చి గుండీల డబ్బాలో పెట్టాను.
ఇంకెక్కడ పెట్టాలో తోచలేదు.

కొత్తపేట ఆస్పత్రి నుంచి లాలాపేట దాకా ఆటోలో
ప్రతి గుంతకీ చెయ్యి పొట్ట మీదికి పోయింది.
లోపల ఒక తిత్తి లేదు.
పైన నాలుగు చిల్లులు,
బొడ్డు దగ్గర ఒకటి, పక్కటెముకల కింద మూడు,
గుండీలు లేని కాజాలు.

మా ఆయన మౌలాలి నవ్వించాలనే అన్నాడు:
"పైత్యపు తిత్తి పోయిందిగా,
ఇక నీకు పైత్యం ఉండదులే."
నవ్వితే నొప్పి. అయినా నవ్వాను.

అది జరిగి పది నెలలు.
మొన్న నా జాకెట్టే నాకు పట్టలేదు.
చంక కింద చిటుక్కున తెగింది దారం,
నేను వేసిన దారమే.
మందుల షాపు ముందు మిషనెక్కి బిళ్ళ వేస్తే
డెబ్బై నాలుగు.
ఆపరేషన్ నాడు అరవై ఒకటి.
పనితనం ఉన్న పెళ్ళి లెహంగాలు రెండు
ఒకదాని మీద ఒకటి కట్టుకుని తిరుగుతున్నట్టు.

"ఏంటి బీబమ్మా, ఒళ్ళు చేశావు?"
"తిత్తి తీస్తే అంతేనట, కొవ్వు అరగదట."
"పొద్దున్నే వేణ్ణీళ్ళలో నిమ్మకాయ పిండుకో."
టేపుతో నేను వాళ్ళ నడుములు కొలుస్తుంటే
వాళ్ళు కళ్ళతో నన్ను కొలుస్తారు.
ముప్ఫై ఎనిమిదిని ముప్ఫై ఆరని రాయమని
బతిమాలే మనుషులే.

వాళ్ళ పుస్తకంలో లేని కొలత ఒకటుంది.
అంతకుముందు రెండేళ్ళు నేను గంజితో బతికాను.
నూనె చుక్క తగిలితే చాలు,
అర్ధరాత్రి కుడి డొక్కలో
ఎవరో కత్తెర తెరిచి
మూయడం మర్చిపోయేవాళ్ళు.
పక్కింటి పోపు వాసనకి కిటికీ వేసేదాన్ని.
చెల్లెలి కూతురి నిఖాలో
బిర్యానీ డేగిసాల పక్కనే కూర్చుని
డబ్బాలో తెచ్చుకున్న మజ్జిగన్నం తిన్నాను.
అప్పుడు వీళ్ళే అన్నారు,
"సన్నబడ్డావు బీబమ్మా, ఎంత బావున్నావో,
ఏం చేస్తున్నావో మాకూ చెప్పు."

భయపడుతున్నానమ్మా,
రోజుకి మూడు పూటలా.
అనలేదు.

కుట్లు మానిన నలభయ్యో రోజు
మౌలాలి పొట్లం తెచ్చాడు,
బ్రాడీపేట బండి మీది మిరపకాయ బజ్జీలు,
కడుపు చీల్చి, ఉల్లిపాయ కూరి, నిమ్మరసం పిండినవి.
ఒకటి తిన్నాను.
రాత్రంతా నొప్పి కోసం కాచుక్కూర్చున్నాను,
ఆఖరి బస్సు కోసం కూర్చున్నట్టు.
రాలేదు.
తెల్లారి లేచి, చల్లారి మెత్తబడ్డ రెండోది కూడా తిన్నాను.

అక్కడ మొదలయ్యాయి ఈ పదమూడు కేజీలు.
తిత్తి లేనందుకో, తిన్నందుకో నాకు తెలీదు.
డాక్టరు రెండూ అన్నాడు.
నూనె తగ్గించమన్నాడు, నడవమన్నాడు.
నడుస్తున్నాను, మార్కెట్ సెంటర్ దాకా,
మోకాళ్ళు గొణుగుతున్నా.
అబద్ధమెందుకు, అద్దంలో చూసుకుంటే
నాకూ చిన్నతనంగానే ఉంటుంది.

ఈ మధ్యాహ్నం కరెంటు పోయింది.
మిషను ఆగాక జాకెట్టు తిరగేసి
లోపలి మడత చూశాను.
రెండు పక్కలా అంగుళంన్నర.
ఎవరికి కుట్టినా వదులుతాను,
"ఒళ్ళొస్తే విప్పుకోవచ్చమ్మా" అంటాను.
నాకు నేను ఎప్పుడూ అనుకోలేదు.
బ్లేడుతో ఒక్కో కుట్టూ విప్పితే
ఎండ తగలని గుడ్డ,
కొన్ననాటి నీలంలోనే ఉంది.

"అత్తా, ఈ గుండీలకి చిల్లుల్లేవేంటి?"
పని నేర్చుకునే పిల్ల కెజియా
సీసా వెలుతురుకి పెట్టి ఊపుతోంది.

"పైన పెట్టెయ్" అన్నాను సూదిలో దారం ఎక్కిస్తూ.
"ఎవరో ఇచ్చి వెళ్ళారు,
ఇక తీసుకెళ్ళడానికి రారు."